టీకాకీ ఒక అదనుంది



కిడ్నీ మార్పిడి అనగానే అందరికీ ఆపరేషనే గుర్తొస్తుంది. దాత దొరకడం, రక్తం గ్రూపు కలవడం, డబ్బు సమకూర్చుకోవడం, ఆసుపత్రి వరండాలో బంధువులు గంటల తరబడి కూర్చోవడం. పేపర్లో వార్త కూడా అంతవరకే వస్తుంది. ఆ తర్వాత పదేళ్లకూ పదిహేనేళ్లకూ ఆ మనిషి ఎలా ఉన్నాడన్నది వార్త కాదు. 45 ఏళ్లప్పుడు కిడ్నీ మార్పించుకున్నాయనకు ఇవాళ 60 దాటాయి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు, మనవలు పుట్టారు. కిడ్నీ బాగానే పనిచేస్తోంది, క్రియాటినిన్ నిలకడగా ఉంది. ఇప్పుడాయన భయం వేరు. చలికాలంలో ఫ్లూ వస్తే ఏమిటి, నిమోనియా అయితే ఏమిటి, పక్కింటాయనకు వచ్చినట్టు నడుం చుట్టూ సర్పి లేస్తే ఏమిటి? ఆ భయంతోనే ఓపీలో అడుగుతాడు. "నేను ఇన్ని మాత్రలు మింగుతున్నాను గదా, వయసు కూడా మీద పడింది. నాకు టీకాలు పనిచేస్తాయా సార్?"

పనిచేస్తాయి. అయితే అందరికీ పనిచేసినంతగా పనిచేయవు. ఎంత పనిచేస్తాయన్నది ఏ టీకా అన్నదానికన్నా ఎప్పుడు వేశామన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. విత్తనం ఎంత మేలైనదైనా అదను దాటాక చల్లితే మొలక పలచగానే వస్తుంది. టీకా సంగతీ అంతే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ అదను గురించే.

ముందు ఆ మాత్రల కథ కాస్త చెప్పుకోవాలి. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో, పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో, జోసెఫ్ మర్రే అనే సర్జన్ ఒక కిడ్నీ మార్చారు. రొనాల్డ్ హెరిక్ అనే కుర్రాడి కిడ్నీ తీసి అతని సోదరుడు రిచర్డ్‌కి పెట్టారు. విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. ఆ అన్నదమ్ములిద్దరూ అచ్చుగుద్దినట్టున్న కవలలు. నిజంగా ఒకే అండం నుంచి పుట్టిన కవలలేనా అని రూఢి చేసుకోవడానికి డాక్టర్లు ముందుగా ఒకరి చర్మం ముక్క తీసి ఇంకొకరికి అతికించి చూశారు. అది అతుక్కుంది. ఆ తర్వాతే కిడ్నీ జోలికి వెళ్లారు. రిచర్డ్ ఒంటికి అది పరాయి కిడ్నీ అనిపించలేదు కనుక మందుల అవసరమే రాలేదు. ఆయన ఇంకో ఎనిమిదేళ్లు బతికాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు.

కవల సోదరుడు లేనివాళ్ల గతేమిటి? పరాయి అవయవం కనిపిస్తే మన తెల్లరక్తకణాలు ఊరుకోవు, దాడి చేస్తాయి. రిజెక్షన్ అంటే అదే. ఆ దాడిని ఆపే మందుల కోసం వెతికితే వాటిలో కొన్ని చిత్రమైన చోట్ల దొరికాయి. 1960ల మొదట్లో అజాథయోప్రిన్ వచ్చింది. తర్వాత సైక్లోస్పోరిన్. స్విట్జర్లాండ్‌లోని సాండోజ్ కంపెనీ ఉద్యోగి ఒకాయన సెలవుల మీద నార్వే వెళ్లి, అక్కడి హార్డాంగర్‌విడ్డా పీఠభూమి మట్టిని సంచిలో వేసుకొచ్చాడు. ఆ మట్టిలోని ఒక బూజు నుంచి తీసిన మందు అది. 1983లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. మరుసటేడు, 1984లో, జపాన్‌లోని త్సుకుబా కొండ దగ్గరి మట్టిలో ఇంకో సూక్ష్మజీవి దొరికింది. టాక్రోలిమస్ దాన్నుంచి వచ్చిందే. ఇక మైకోఫినోలేట్ మూలం ఇంకా పాతది. 1893లో ఇటలీలో బార్టొలొమియో గోసియో అనే ఆయన పాడైన మొక్కజొన్నకు పట్టిన బూజులో కనిపెట్టిన ఆమ్లం అది. అది మాత్రగా మారి కిడ్నీ పేషెంట్ చేతికి రావడానికి నూరేళ్లు పట్టింది. 1995లో అనుమతి వచ్చింది.

ఇవాళ మన ఓపీల్లో కనిపించే చాలామంది చేతుల్లో ఉండేవి మూడు రకాల మాత్రలు. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, కాస్తంత ప్రెడ్నిసొలోన్. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి సెల్‌ఫోన్‌లో అలారం మోగుతుంది. పెళ్లి పందిట్లో ఉన్నా సరే, బస్సులో ఉన్నా సరే, జేబులోంచి డబ్బా తీసి వేసుకోవాల్సిందే. రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే పరీక్ష రోజున మాత్రం పొద్దున మాత్ర వేసుకోకుండా రావాలి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. ఆ రోజున ల్యాబ్ బయట బెంచీల మీద చూడండి, నీళ్ల సీసా పక్కన పెట్టుకుని, మాత్ర గుప్పిట్లో పట్టుకుని, పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తుంటారు. ఇంత క్రమశిక్షణ ఉన్న పేషెంట్లను ఇంకే జబ్బులోనూ చూడలేం.

మరి ఈ మాత్రలు టీకాను ఏం చేస్తాయి? భుజానికి సూది వేసినప్పుడు అందులోని పదార్థాన్ని కొన్ని కణాలు పట్టుకుని చంకలోని గ్రంథుల దగ్గరకు మోసుకెళ్తాయి. కొందరికి టీకా వేసిన రెండో రోజున చంకలో బిళ్ల కట్టి నొప్పి పెడుతుంది. అక్కడ పని మొదలైందని అర్థం. ఆ గ్రంథిలో టి-కణాలు ముందుగా మేల్కొంటాయి. అవి బి-కణాలకు సంకేతం ఇస్తాయి. సంకేతం అందుకున్న బి-కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై, కొద్ది రోజుల్లోనే వేలకు వేలుగా పెరిగి యాంటీబాడీలను తయారుచేస్తాయి. కొన్ని కణాలు ఆ జ్ఞాపకాన్ని ఏళ్ల తరబడి దాచుకుంటాయి. ఇప్పుడు మన మాత్రలు ఎక్కడ అడ్డు తగులుతాయో చూడండి. టాక్రోలిమస్ టి-కణాలను మేల్కోనివ్వదు. మైకోఫినోలేట్ బి-కణాలను పెరగనివ్వదు. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. దానికి కావలసిన ముడిసరుకును శరీరంలోని చాలా కణాలు రెండు దారుల్లో తెచ్చుకోగలవు. టి-కణాలకు, బి-కణాలకు మాత్రం ప్రధానంగా ఒకటే దారి. మైకోఫినోలేట్ సరిగ్గా ఆ దారినే మూస్తుంది. కిడ్నీ మీద దాడికి సైన్యం పెరగకుండా ఆపేది అదే, టీకాకు యాంటీబాడీలు పుట్టకుండా ఆపేదీ అదే. ఈ రెండు పనులను విడదీసి ఒకటి ఉంచుకుని రెండోది వద్దనే మందు ఇంకా మన చేతికి రాలేదు.

దీనికి వయసు తోడవుతుంది. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన, థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. టి-కణాలు పదును తేలేది అక్కడే. ఆ గ్రంథి చిన్నతనంలో బాగా పనిచేస్తుంది. యవ్వనం వచ్చినప్పటి నుంచే కుంచించుకుపోవడం మొదలవుతుంది. 60 దాటేసరికి అందులో చాలా భాగం కొవ్వే. అప్పటినుంచి కొత్త టి-కణాలు అరుదుగా వస్తాయి, పాతవాటితోనే కాలం నెట్టుకురావాలి. పాత కణాలకు పాత శత్రువులు బాగా గుర్తుంటారు. చిన్నప్పుడు తట్టు వచ్చినవాళ్లకు తట్టు మళ్లీ రాకపోవడం అందుకే. కానీ ఎన్నడూ చూడని వైరస్ వచ్చినా, కొత్త టీకా వేసినా, పట్టించుకునే కణాలు తక్కువైపోతాయి. మందులు వాడని మామూలు పెద్దవాళ్లకే ఇంతటి లోటు ఉంటుంది. మార్పిడి అయిన పెద్దవాళ్లకు ఒకవైపు వయసు, ఒకవైపు మందులు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇదే వయసు కిడ్నీకి మేలు చేస్తుంది. పెద్దవాళ్లలో రిజెక్షన్ యువకుల్లో కంటే తక్కువ. ఒంట్లో దాడి చేసే చురుకు తగ్గింది కాబట్టి పరాయి కిడ్నీని కూడా సహిస్తుంది. యూరప్‌లో యూరోట్రాన్స్‌ప్లాంట్ అనే సంస్థ 1999లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. 65 దాటిన దాతల కిడ్నీలను 65 దాటిన పేషెంట్లకే కేటాయించే పద్ధతి. అది నిలదొక్కుకోవడానికి కారణాల్లో ఇదొకటి. కానీ అదే పెద్దవాళ్లను ఇన్ఫెక్షన్ మాత్రం వదలదు. పాతికేళ్ల కుర్రాడికి డాక్టరు భయపడేది రిజెక్షన్ గురించి. 65 ఏళ్ల పెద్దాయనకు భయపడేది నిమోనియా గురించి. అందువల్లే అనుభవం ఉన్న నెఫ్రాలజిస్టు వయసు పెరిగే కొద్దీ మందుల మోతాదును నెమ్మదిగా, పరీక్షలు చూసుకుంటూ, తగ్గించుకుంటూ వస్తారు. అందరికీ ఒకే మోతాదు జీవితాంతం అనేది మంచి వైద్యం కాదని నా అభిప్రాయం. అయితే ఆ తగ్గించే పని డాక్టరుది, పేషెంట్‌ది కాదు. ఈ మాట మళ్లీ చెప్పాల్సి వస్తుంది.

మందులూ వయసూ కలిసి టీకా పనిని తగ్గిస్తాయన్నది పుస్తకాల్లో ముందునుంచీ ఉన్నదే. కానీ ప్రపంచమంతటికీ కళ్లకు కట్టింది 2021లో. కోవిడ్ టీకాల మొదటి పరీక్షల్లో అవయవ మార్పిడి అయినవాళ్లను చేర్చుకోలేదు. అందుకని వాళ్లకు టీకా ఎంత పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు చూశారు. ఎంఆర్ఎన్ఏ టీకా ఒక డోసు వేయించుకున్న 436 మంది మార్పిడి పేషెంట్లలో యాంటీబాడీలు కనిపించింది 17 శాతానికే. తర్వాత 658 మందిని రెండు డోసుల దాకా చూస్తే 54 శాతం అయింది. అంటే రెండు సూదులూ వేయించుకుని, సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని, మాస్కు తీసేసిన వాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి యాంటీబాడీలు అసలు పుట్టనే లేదు. వీళ్లలో ఎవరికి మరీ తక్కువ? మైకోఫినోలేట్ కోవకు చెందిన మాత్రలు వాడేవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు.

ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో 101 మందికి మూడో డోసు వేసి చూశారు. మొదటి డోసుకు ముందు సున్నా. రెండో డోసుకు ముందు 4 శాతం. మూడో డోసుకు ముందు 40 శాతం. మూడో డోసు వేసిన నాలుగు వారాలకు 68 శాతం. ఈ అంకెలను కాసేపు మనసులో ఉంచుకోండి. మొదటిసారి పట్టించుకోని శరీరమే మూడోసారి పట్టించుకుంది. కెనడాలోని టొరంటోలో కూడా కొందరికి మూడో డోసు, కొందరికి ఉత్తి సెలైన్ ఇచ్చి పోల్చారు. అక్కడా మూడో డోసుదే పైచేయి. 2021 ఆగస్టు 12న అమెరికా ప్రభుత్వం మార్పిడి పేషెంట్లకు మూడో డోసు అనుమతించింది. ఈ దేశాల్లో వేసి చూసిన టీకాలు మన దగ్గర ఎక్కువగా వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ కావన్న మాట నిజమే. కానీ మాత్రలు అవే, వయసు చేసే పనీ అదే.

మన దేశంలో ముందు జాగ్రత్త డోసు పేరుతో మూడో డోసు 2022 జనవరి 10న మొదలైంది. ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి, 60 దాటి ఇతర జబ్బులున్నవాళ్లకు. 50 ఏళ్ల వయసులో కిడ్నీ మార్పించుకుని రోజూ మూడు రకాల మాత్రలు మింగే మనిషి ఆ జాబితాలో విడిగా లేడు. ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. వయసును బట్టి గీత గీయడం సులువు. వయసు కాగితం మీద ఉంటుంది, మందుల చీటీ పేషెంట్ సంచిలో ఉంటుంది. ఇలాంటి జాబితా ఇంకోసారి తయారుచేసే రోజు వస్తే ఆ సంచిని కూడా ఒకసారి విప్పి చూడాలి.

సరే, మాత్రలే అడ్డమైతే టీకా వేసే వారంలో వాటిని ఆపేస్తే పోలేదా? ఈ ఆలోచన చాలామందికి వస్తుంది. పేషెంట్లకే కాదు, పరిశోధకులకూ వచ్చింది. నెదర్లాండ్స్‌లో దీన్ని పద్ధతిగా పరీక్షించారు. రెండు మూడు డోసులకూ యాంటీబాడీలు రాని కిడ్నీ పేషెంట్లను తీసుకుని, కొందరికి మైకోఫినోలేట్‌ను టీకాకు ముందు ఒక వారం, తర్వాత ఒక వారం ఆపారు. ఇంకొందరికి ఆపలేదు. కొందరికి రెట్టింపు డోసు, కొందరికి వేరే రకం టీకా ఇచ్చి చూశారు. తేలిందేమిటంటే, మరో డోసు వేయడం వల్ల యాంటీబాడీలు పెరిగాయి. రెండు వారాలు మాత్ర ఆపడం వల్ల గానీ, డోసు రెట్టింపు చేయడం వల్ల గానీ చెప్పుకోదగ్గ లాభం అదనంగా రాలేదు. కాబట్టి దయచేసి ఎవరూ ఇంట్లో కూర్చుని సొంతంగా మాత్రలు ఆపవద్దు. నాలుగు యాంటీబాడీల కోసం కిడ్నీని పణంగా పెట్టిన వాళ్లవుతారు.

ఇంకో మాట. యాంటీబాడీ పరీక్షలో సున్నా వచ్చిందంటే ఒంట్లో ఏమీ లేదని కాదు. టి-కణాల జ్ఞాపకం ఆ పరీక్షలో కనిపించదు. అది జబ్బును పూర్తిగా ఆపకపోయినా ముదరకుండా కొంత కాపాడుతుంది. అలాగని సున్నా వచ్చినవాళ్లు ధీమాగా తిరగమనీ కాదు. మాస్కు, గాలి ఆడే గది, జ్వరం వచ్చిన మొదటి రోజే ఫోను చేయడం, ఇవన్నీ వాళ్లకు టీకా తర్వాత కూడా కావాలి.

ఒక భయం గురించి తప్పకుండా మాట్లాడాలి. రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన మా ఓపీకి వస్తారు. ఆయనకు కిడ్నీ ఇచ్చింది భార్యే. ఫ్లూ టీకా రాసిచ్చినప్పుడు ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"సార్, టీకా వేస్తే ఒంట్లో శక్తి రేగుతుందంటున్నారు గదా. ఆ రేగిన శక్తి నా కిడ్నీ మీద పడదా?"

"నా కిడ్నీ" అంది ఆవిడ. ఆయన ఒంట్లో ఉన్నా సరే. హక్కు వదులుకోలేదు, వదులుకోనక్కర్లేదు కూడా. ప్రశ్న కూడా తెలివైనదే. రోగనిరోధక శక్తిని అణిచి ఉంచినచోట దాన్ని తట్టిలేపితే కిడ్నీకి ప్రమాదమేమో అని డాక్టర్లు కూడా ఒకప్పుడు సందేహించారు. ఫ్లూ టీకాలు, నిమోనియా టీకాలు, సర్పి టీకా, కోవిడ్ టీకాలు వేసి ఎన్నోచోట్ల గమనించారు. టీకా వేయించుకున్నవాళ్లలో రిజెక్షన్ పెరిగినట్టు ఆ అధ్యయనాల్లో కనబడలేదు. అసలు ఫ్లూయే వస్తే అది కిడ్నీని దెబ్బతీసే అవకాశం ఎక్కువ. నాలుగు రోజుల జ్వరం, నీళ్లు తాగలేకపోవడం, ఎడాపెడా నొప్పి మాత్రలు మింగడం, ఆసుపత్రిలో చేరితే అక్కడ ఇంకో ఇన్ఫెక్షన్. ఇదంతా చెబితే ఆవిడ విని, భర్త జేబులోంచి ఆ చీటీ తనే తీసుకుంది.

ఇక అసలు అదను దగ్గరికొద్దాం. టీకా వేయడానికి అన్నిటికన్నా మంచి కాలం మార్పిడికి ముందు. అప్పటికి ఈ మాత్రలు మొదలుకావు. కిడ్నీలు చెడిపోయినందువల్ల ఒంట్లో శక్తి కొంత తగ్గి ఉంటుంది గానీ, మార్పిడి తర్వాతి స్థితి కన్నా అది చాలా నయం. అవయవదానం కోసం నడిపే జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఫోను కోసం ఎదురుచూసే కాలం నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్‌కి వచ్చి, నాలుగేసి గంటలు మంచం మీద పడుకుని, సీలింగ్ ఫ్యాను చూస్తూ గడిపే కాలం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బుతో, జీడి తోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేసిన ఎంతోమంది అలాగే డయాలసిస్ కేంద్రాలకు వస్తుంటారు. టీకాలన్నీ వేసేయడానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? మనిషి తనంత తానే వస్తున్నాడు, నర్సు పక్కనే ఉంది, రక్తపరీక్షలు ఎలాగూ జరుగుతున్నాయి. అయినా హెపటైటిస్ బి ఒక్కటి తప్ప మిగతా టీకాల ఊసు చాలాచోట్ల ఎవరూ ఎత్తరు.

ఆ హెపటైటిస్ బి సంగతే చూడండి. ఆరోగ్యవంతులకు మామూలు డోసు మూడుసార్లు వేస్తే నూటికి 90 మందికి పైగా రక్షణ వస్తుంది. డయాలసిస్ వాళ్లకు అంత రాదు. అందుకే వాళ్లకు రెట్టింపు, 40 మైక్రోగ్రాముల చొప్పున, మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు అని నాలుగుసార్లు వేస్తారు. వేసి వదిలేయరు. నెలో రెండు నెలలో ఆగి రక్తంలో యాంటీబాడీ ఎంతుందో చూస్తారు. 10 యూనిట్లకు తగ్గితే మళ్లీ వేస్తారు. ఏటేటా చూస్తారు. వేయడం, కొలవడం, తగ్గితే మళ్లీ వేయడం. మిగతా టీకాలన్నిటికీ మనం నేర్చుకోవలసిన పద్ధతి ఇదే. ఈ టీకా మనకు అందుబాటు ధరలో దొరకడం వెనక హైదరాబాద్ ఉంది. 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి తెచ్చింది. అప్పటిదాకా దిగుమతి సరుకే గతి. ఇవాళ 60 దాటిన పేషెంట్లెవరికీ చిన్నప్పుడు ఈ టీకా వేసే అవకాశమే లేదు. అప్పటికి అది పుట్టలేదు.

ముందే వేయాలనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. కొన్ని టీకాల్లో బతికున్న సూక్ష్మజీవినే నీరసపరచి వాడతారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ఆఫ్రికా ప్రయాణాలకు అడిగే ఎల్లో ఫీవర్ టీకా అలాంటివి. మార్పిడి అయ్యాక వీటిని మామూలుగా వేయరు. మందుల వల్ల రక్షణ తగ్గిన ఒంట్లో ఆ నీరసపడిన సూక్ష్మజీవే బలం పుంజుకోవచ్చు. అందుకని వేయాలనుకుంటే మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అయిపోవాలి. ఫోను వచ్చిన రోజున "అయ్యో, ఆటలమ్మ టీకా మరిచాం" అనుకుని లాభం లేదు. కెన్యాలోనో టాంజానియాలోనో ఉద్యోగం చేసే కొడుకు దగ్గరికి వెళ్లాలనుకునే పెద్దవాళ్లు కూడా ఈ సంగతి జాబితాలో ఉన్నప్పుడే డాక్టరుకు చెప్పాలి.

పుట్టిన బిడ్డకు మన ఊళ్లలో టీకా కార్డు ఉంటుంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మరీ గుర్తుచేస్తుంది. పెద్దవాళ్లకు అలాంటి కార్డు లేదు. కిడ్నీ పేషెంట్ ఫైలు తిరగేయండి. స్కానులు, క్రియాటినిన్లు, టాక్రోలిమస్ లెవెల్స్, ఆరోగ్యశ్రీ కాగితాలు, అన్నీ ఉంటాయి. ఏ టీకా ఎప్పుడు వేశారో ఒక్క చోటా ఉండదు. నన్నడిగితే ఇది డబ్బు లేక కాదు, అడిగే అలవాటు లేక. మీరే ఒక పని చేయండి. ఆ ఫైలు మొదటి పేజీకి వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ టీకా పేరు, వేసిన తేదీ రాసుకుంటూ రండి. డాక్టరు అడగకపోతే మీరే తిప్పి చూపించండి.

మార్పిడి ఇప్పటికే అయిపోయినవాళ్లకు అదను దాటిపోయిందా? పూర్తిగా దాటలేదు. మొదటి నెలల్లో మందుల మోతాదు ఎక్కువ కనుక చాలా టీకాలకు మూడు నుంచి ఆరు నెలలు ఆగుతారు. ఫ్లూ ముమ్మరంగా ఉన్న కాలమైతే ఆ టీకాను నెల దాటగానే వేయవచ్చు. ఫ్లూ టీకా ఏటా కావాలి, ఎందుకంటే వైరస్ ఏటా వేషం మారుస్తుంది. విదేశాల్లో పెద్దవాళ్లకోసం మోతాదు పెంచిన ఫ్లూ టీకా ఉంది. మార్పిడి అయినవాళ్లలో మామూలు దానికంటే అది ఎక్కువ మందిలో స్పందన తెచ్చిందని టొరంటోలోనూ, స్విట్జర్లాండ్, స్పెయిన్ కేంద్రాల్లోనూ చేసిన పరీక్షల్లో తేలింది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు అక్కడ ఉన్న ఆ నెలల్లో దాని గురించి అడగవచ్చు. నిమోనియాకు వేసే న్యూమోకోకల్ టీకా మన దగ్గరే దొరుకుతుంది. ఏది ముందు, ఎన్ని అన్నది మీ డాక్టరు చూస్తారు.

సర్పి టీకా గురించి మాత్రం కాస్త సంతోషంగా చెప్పాలి. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే నరాల వేళ్లలో దాక్కుని, శక్తి తగ్గిన రోజు చూసి బయటికొచ్చి, ఒక పక్కనే పట్టీలా పొక్కులు లేపుతుంది. మార్పిడి అయినవాళ్లలో ఇది మామూలు జనంలో కంటే కొన్ని రెట్లు ఎక్కువ. పొక్కులు మాని మచ్చలు మాసినా నరం నొప్పి నెలల తరబడి ఉండిపోతుంది. చొక్కా తగిలినా కేకపెట్టేవాళ్లను చూశాను. పాత టీకా బతికున్న వైరస్‌తో చేసినది కనుక మన పేషెంట్లకు పనికిరాలేదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన షింగ్రిక్స్‌లో వైరస్ లేదు, దాని పైపొరలోని ఒక ప్రొటీను మాత్రమే ఉంది. దానికి ఊతంగా కలిపిన పదార్థాల్లో ఒకటి చిలీ దేశపు కుంకుడు లాంటి నురుగు చెట్టు బెరడు నుంచి వస్తుంది. ఆ ఊతం వల్లే వయసు మీదపడినా ఈ టీకా గట్టిగా పట్టుకుంటుంది. 50 దాటిన ఆరోగ్యవంతుల్లో 97 శాతం, 70 దాటినవాళ్లలోనూ 90 శాతం దాకా రక్షణ కనిపించింది. మార్పిడి అయినవాళ్లలో అంత కాకపోయినా, కిడ్నీ పేషెంట్లలో చేసిన పరీక్షలో నూటికి దాదాపు 80 మంది ఒళ్లు స్పందించింది, రిజెక్షన్ పెరగలేదు. మన దేశంలోకి 2023లో వచ్చింది. రెండు డోసులు, ఖర్చు వేలల్లో. ఈ ధర తగ్గే దారి ఎవరైనా చూస్తే బాగుండును. హెపటైటిస్ బి విషయంలో ఒకసారి చూసి చూపించిన ఊరు మనదే గదా.

చివరగా ఇంట్లోవాళ్లు. పేషెంట్ ఒంట్లో టీకా సగమే పట్టినా, చుట్టూ ఉన్నవాళ్లకు పూర్తిగా పడుతుంది. భార్య, కొడుకు, కోడలు, బడికెళ్లే మనవరాలు, ఇంట్లో పనిచేసే మనిషి, అందరూ ఫ్లూ టీకా వేయించుకుంటే ఫ్లూకి ఆ ఇంట్లోకి దారి చాలా మటుకు మూసుకుపోతుంది. పిల్లలకు ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు నిరభ్యంతరంగా వేయించవచ్చు. ఆటలమ్మ టీకా తర్వాత బిడ్డ ఒంటి మీద పొక్కులు లేస్తే మాత్రం అవి తగ్గేదాకా తాతగారికి కాస్త దూరంగా ఉంచాలి.

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో రెండు టీకాల గురించి ముందే ఆలోచించుకోవాలి. పోలియో చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్. అది కొన్ని వారాల పాటు బిడ్డ మలంలో పోతుంది. మార్పిడి అయినవాళ్లున్న ఇంట్లో చుక్కల బదులు పోలియో సూది మందు వేయించడం మంచిదని నిపుణుల సలహా. పిల్లల డాక్టరుకు ఇంట్లో పరిస్థితి చెప్పి అడగండి. మీ అంతట మీరు బిడ్డకు టీకా మానేయవద్దు. విరేచనాలకు వేసే రోటావైరస్ చుక్కలు, మన హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ సహా, బతికున్న వైరస్‌వే. వాటిని వేయించాల్సిందే. వేశాక బిడ్డను తాతగారు ఎత్తుకోవచ్చు, ఆడించవచ్చు, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. డయపర్లు మార్చే పని మాత్రం నాలుగు వారాల పాటు ఇంకెవరైనా చూసుకోవాలి. దానికి తాతగార్లు ఎవరైనా అభ్యంతరం చెబుతారని నేననుకోను.